తేటపడని నూనె నీటికి శాఖల పాలిమర్ పనికొస్తుందా?

ప్రశ్న (శుద్ధి ప్లాంటు కెమిస్టు, రాజోలు ప్రాంతం)

చమురు బావుల నుంచి క్రూడుతో పాటు పైకి వచ్చే నీరు మా ప్లాంటుకు చేరుతుంది. పైకి తేలే నూనెను ఏపీఐ సెపరేటరు పట్టేస్తోంది గానీ, ఆ తర్వాత మిగిలిన తెల్లటి నీరు రాత్రంతా ట్యాంకులో నిలబెట్టినా తేటపడటం లేదు. పటిక వేస్తే విడిపోతుంది, కాకపోతే అడుగున చేరే నూనె బురదను ఎక్కడ వేయాలన్నది మరో సమస్య అవుతోంది. చివర్లలో అమైన్ (నైట్రోజన్ ఉన్న) సమూహాలుండి, చెట్టులా కొమ్మలు వేసే శాఖల పాలిమర్లు ఇటువంటి ఎమల్షన్లను (నూనె సన్నని బిందువులుగా నీటిలో కలిసిపోయిన మిశ్రమాలను) విడగొడతాయని చదివాను. పొడవాటి గొలుసు పాలిమర్ల కంటే అవి ఏ విధంగా మెరుగు? డోసు ఎలా నిర్ణయించుకోవాలి? డ్రెయినులోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదు.

జవాబు (పాలిమర్ కెమిస్ట్రీ అధ్యాపకుడు, కాకినాడ)

నూనె బిందువు పైకి తేలే వేగం దాని వ్యాసం వర్గానికి అనులోమంగా ఉంటుంది. నీటికీ నూనెకూ సాంద్రతలో ఘనపు మీటరుకు 150 కిలోల తేడా ఉందనుకుంటే, 100 మైక్రాన్ల బిందువు గంటకు దాదాపు 3 మీటర్లు లేస్తుంది. ఒక మైక్రాన్ బిందువు రోజంతా కలిపి 7 మిల్లీమీటర్లే లేస్తుంది. మీ ట్యాంకులో రాత్రంతా ఏమీ జరగకపోవడానికి కారణం ఇదే. పైగా క్రూడులోని ఆస్ఫాల్టీన్లు (తారులాంటి బరువైన పదార్థాలు), సన్నని బంకమట్టి రేణువులు బిందువు చుట్టూ గట్టి పొర కడతాయి, ఆ పొర మీది రుణావేశం వల్ల బిందువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

శాఖల పాలిమర్ ఈ రెండింటి మీదా పనిచేస్తుంది. అమెరికాలో డొనాల్డ్ టొమాలియా బృందం 1985లో ప్రకటించిన పాలిఅమిడోఅమైన్ డెండ్రిమర్లను (కేంద్రం నుంచి పొరలు పొరలుగా సమంగా కొమ్మలు వేసే అణువులు, ఒక్కో పొర ఒక తరం) చూడండి: ఇథిలీన్‌డైఅమైన్ కేంద్రంతో మొదలుపెడితే సున్నా తరంలో 4 అమైన్ చివర్లు, ఆపై తరాల్లో 8, 16, 32గా పెరుగుతాయి. తటస్థ, ఆమ్ల నీటిలో ఆ చివర్లు ప్రోటాన్ తీసుకొని ధనావేశం పొందుతాయి, బిందువు ఆవేశాన్ని తగ్గిస్తాయి, పొరలోకి చొరబడి దాన్ని బలహీనపరుస్తాయి. గొలుసు పాలిమర్ చిక్కుపడి నీటిని చిక్కబరుస్తుంది. గుండ్రంగా ముడుచుకున్న ఈ అణువు అలా చేయదు, త్వరగా కరుగుతుంది. అయితే డెండ్రిమర్‌ను ఒక్కో తరం శుద్ధి చేసుకుంటూ కట్టాలి కనుక ఖర్చు భరించలేం. ఒకే పాత్రలో తయారయ్యే హైపర్‌బ్రాంచ్డ్ రకంలో శాఖలు సమంగా లేకపోయినా మీ పనికి అది చాలు.

జవాబు (ఎఫ్లుయెంట్ ప్లాంటు ఇంజనీరు, రాజమహేంద్రవరం)

అధ్యాపకుల వివరణకు ప్లాంటు వైపు నుంచి కొన్ని విషయాలు చేరుస్తాను. డోసుకు జార్ టెస్టు (ఒకే నీటిని కొన్ని గ్లాసుల్లో తీసుకొని వేర్వేరు డోసులు వేసి పోల్చే పరీక్ష) తప్ప మరో దారి లేదు, అదీ అప్పటికప్పుడు తీసిన నీటితోనే చేయాలి, ఎందుకంటే నిల్వ నమూనా మారిపోతుంది. డోసు పెంచుతూ పోతే ఒక దశ వరకు నీరు తేటపడి, ఆపై మళ్ళీ మసకబారుతుంది: బిందువులు ఈసారి ధనావేశంతో నెట్టుకుంటాయి. చాలామంది అక్కడ ఇంకాస్త వేసి మరింత చెడగొడతారు. పీహెచ్ ఎక్కువైతే అమైన్ చివర్లు ఆవేశం కోల్పోతాయి. నీటిలో ముందే రుణావేశ రసాయనాలు ఉంటే పాలిమర్ వాటికే ఖర్చయిపోతుంది. కలపడం మొదట వేగంగా, కొద్దిసేపు, తర్వాత నెమ్మదిగా. కంటికి తేటగా ఉందని వదలకండి, నూనె కొలవండి. నాకు దీనిలో నచ్చేది ఒకటే: విడిన నూనె చాలావరకు పైకి తేలుతుంది, పటిక బురదలాగా వృథా కాదు.

జవాబు (రొయ్యల చెరువుల సాంకేతిక సలహాదారు, భీమవరం)

డోసు గురించి మాట్లాడుకున్నారు సరే, మిగిలిపోయిన పాలిమర్ మాటేమిటండీ? ధనావేశ పాలిమర్లు చేపల మొప్పలకు అంటుకొని ఊపిరాడనివ్వవు. డెల్టాలో మురుగు కాలువ నీరు పోటు వేళ వెనక్కి ఎగదన్నుతుంది, పక్కనున్న చెరువులకు అదే నీటిని తోడేవారూ ఉన్నారు. బురద, సేంద్రియ పదార్థం కొంత పాలిమర్‌ను పట్టుకుంటాయన్నది నిజమే గానీ, దాని మీద భరోసా పెట్టుకోలేం. నూనె పరిమితి దీని గురించి ఏమీ చెప్పదు. వ్యర్థజలాల సాధారణ ప్రమాణాల్లోనే బయో అస్సే ఉంది: పలచన చేయని నీటిలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికి ఉండాలి. అది కూడా చేయించండి.

జవాబు (ఎఫ్లుయెంట్ ప్లాంటు ఇంజనీరు, రాజమహేంద్రవరం)

భీమవరం వారి మాట సరైనది. డోసు తగినంత ఉన్నప్పుడు పాలిమర్ ఎక్కువగా నూనె పొరతోనే పోతుంది, మించినదే నీటిలో మిగులుతుంది. అందుచేత జార్ టెస్టులో అన్నిటికంటే తేటగా ఉన్న గ్లాసును కాకుండా, 10 మిల్లీగ్రాముల లోపుకు వచ్చిన వాటిలో అతి తక్కువ డోసు ఉన్న గ్లాసును ఎంచుకోండి.