ఆటిజం ఉన్న పిల్లలతో ఇంట్లో తెలుగు మానేయాలా?

చైత్ర (హైదరాబాద్):
మా బాబుకు మూడున్నరేళ్లు. ఈ మధ్యే ఆటిజం అని నిర్ధారణ అయింది. పిలిస్తే పలకడు. ఫోను వీడియోల్లో విన్న రంగులు, ఆకారాలు, గ్రహాల పేర్లు ఇంగ్లీషులో గడగడా చెబుతాడు. దాహమేస్తే మాత్రం నా వేలు పట్టుకుని నీళ్ల ఫిల్టరు దగ్గరికి లాక్కెళతాడు. 'నీళ్లు' అనడు, 'వాటర్' అని కూడా అనడు. మేము వెళ్తున్న థెరపీ కేంద్రంలో మొదటి రోజే గట్టిగా చెప్పారు: రెండు భాషలు వింటే తికమకపడతాడు, ఇకనుంచి ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలి అని. మా అత్తగారిది అమలాపురం. పగలంతా బాబును చూసుకునేది ఆవిడే. ఇంగ్లీషు రాదు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆవిడ బాబు దగ్గర నోరు విప్పడం లేదు. అన్నం కూడా మాట లేకుండానే తినిపిస్తున్నారు. నాకు ఇది సరిగా అనిపించడం లేదు. కానీ థెరపిస్టు మాట కాదంటే బాబుకు ఏమైనా నష్టం జరుగుతుందేమోనని భయం. తెలిసినవారు చెప్పండి.

డాలస్ తెలుగు:
చైత్ర గారూ, థెరపిస్టు మాట వినండి. మా పాపకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇక్కడ బడి, థెరపీ, ఆటస్థలం అన్నీ ఇంగ్లీషులోనే. మాట రావడమే కష్టంగా ఉన్న బిడ్డకు ఒక్కో వస్తువుకు రెండేసి పేర్లు నేర్పడం దేనికి? నేనూ మా ఆవిడా పాప ముందు తెలుగు ఆపేశాం. ఏడాది తిరిగేసరికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి. ఇప్పుడు సహాయకురాలి తోడుతో అందరు పిల్లలతో పాటు మామూలు తరగతిలోనే చదువుతోంది. తెలుగు మీద ప్రేమ నాకూ ఉంది. కానీ ఆ ప్రేమ బరువు పిల్ల నెత్తిన పెట్టలేను. ముందు ఒక భాష నిలబడనివ్వండి, తెలుగు తర్వాతైనా నేర్పవచ్చు.

శబ్దం (స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం):
చైత్ర గారూ, ముందు మీ అత్తగారిని మాట్లాడమని చెప్పండి. ఈ రోజే చెప్పండి. మిగతావన్నీ తర్వాత చూసుకుందాం.

రెండు భాషలతో పిల్లలు తికమకపడతారన్నది మా వృత్తిలో చాలాకాలం చెలామణీ అయిన నమ్మకం. పరీక్షించి చూస్తే అది నిలబడలేదు. 2012లో మాంట్రియల్‌లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో ఒక్క భాష వినేవారూ ఉన్నారు, రెండు భాషలు వినేవారూ ఉన్నారు. రెండు భాషల పిల్లలకు అదనపు జాప్యం ఏమీ కనిపించలేదు. అదే ఏడాది వాంకూవర్‌లో చైనీస్, ఇంగ్లీషు రెండూ వినే పిల్లలపై జరిగిన అధ్యయనమూ ఇదే చెప్పింది. ఇంటి భాష మానేయమని అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం కూడా చెప్పదు.

మీ బాబు విషయంలో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. వాడికి మాటలు లేకపోలేదు, బోలెడు పదాలున్నాయి. కొరవడింది ఆ పదాలను ఎదుటి మనిషితో వాడుకోవడం. ఆటిజంలో మాట ఆలస్యం కావడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి: మనం చూపించిన వైపు చూడటం, మన ముఖంలోకి చూసి ఏదైనా అడగటం వంటివి ఆలస్యంగా రావడం. దానికి కావలసింది ఒక వస్తువుకు ఒకే పేరు ఉండటం కాదు, పగలంతా పక్కన ఉండి మాట్లాడే మనిషి. ఇప్పుడు మీ ఇంట్లో ఆ మనిషే మౌనంగా ఉన్నారు.

వీడియోల్లో వినే భాష వేరు, మనిషితో పెనవేసుకుని వచ్చే భాష వేరు. 2019లో ట్యునీషియాలో ఆటిజం ఉన్న కొందరు పిల్లలపై ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథిక అరబిక్‌లో మాట్లాడుతున్నారు. కార్టూన్లలో వినే భాష అదే. మీ బాబు నోట ఇంగ్లీషులో వచ్చే గ్రహాల పేర్లూ ఇలాంటివే. అవి చూసి 'వీడికి ఇంగ్లీషు సులువు' అని తీర్మానించడం తొందరపాటు.

తర్కబుద్ధి:
శబ్దం గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను. అయితే కొంచెం ఆగి ఆలోచించాలి. 75 మంది చిన్న సంఖ్యే. పైగా ఎవరికి ఒక భాష, ఎవరికి రెండు అన్నది చీటీ తీసి పంచింది కాదు, ఆయా కుటుంబాలు ఎలా ఉంటే అలా చూశారు. రెండు భాషలు కొనసాగించిన ఇళ్లలో తేలికపాటి ఆటిజం ఉన్న పిల్లలే ఎక్కువగా ఉండి ఉండవచ్చు కదా? అసలు మాటే రాని పిల్లలు ఇలాంటి అధ్యయనాల్లోకి వచ్చేది తక్కువ. 'హాని కనిపించలేదు' అనవచ్చు, అంతకు మించి అనకూడదు.

డాలస్ గారికీ ఒక మాట. తెలుగు ఆపాక పాపకు మాటలు వచ్చాయన్నారు. అదే ఏడాది థెరపీ జరిగింది, పాప ఒక ఏడాది పెరిగింది. వీటిలో దేనివల్ల వచ్చాయో ఎలా చెప్పగలం?

సాయంసంధ్య:
భాష సంగతి అటుంచండి. అసలు కారణం ఫోను. దీన్నే వర్చువల్ ఆటిజం అంటారు. ఫోను తీసేస్తే ఆటిజమే పోతుందని చాలామంది చెబుతున్నారు.

శబ్దం (స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం):
పోదండి. వర్చువల్ ఆటిజం అనే రోగనిర్ధారణ వైద్యుల ప్రామాణిక గ్రంథాలైన డీఎస్ఎం-5లోనూ ఐసీడీ-11లోనూ లేదు. కవలలపై జరిగిన పరిశోధనల ప్రకారం ఆటిజంలో జన్యువుల వాటా దాదాపు 80 శాతం. ఇంట్లో ఒక బిడ్డకు ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. రోజంతా ఫోను చూసే పిల్లవాడితో మనుషులు మాట్లాడే సమయం తగ్గిపోతుంది, అందుకే తగ్గించమంటాం. కానీ 'నువ్వు ఫోను ఇచ్చావు, అందుకే ఇలా అయింది' అని ఏ తల్లితోనూ అనకండి. 1950, 60లలో తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పెద్ద పెద్ద వైద్యులే అన్నారు. ఆ నింద మోసిన తల్లులు ఎందరో. అది తప్పని తేలింది. మళ్లీ అదే దారిలోకి వెళ్లవద్దు.

పాలపిట్ట (హనుమకొండ):
మా వాడికి పద్నాలుగేళ్లు. ఇప్పటికీ మాట రాదు. కాబట్టి తర్కబుద్ధి గారు అధ్యయనాల్లోకి రారన్న పిల్లల తల్లిని నేను.

మాకూ ఇంగ్లీషే మాట్లాడమని చెప్పారు. మా ఇంట్లో అది కుదిరే పని కాదు. మా అత్తమ్మ, పక్కింటివాళ్లు, కిరాణా కొట్టు, గుడి, ఆర్టీసీ బస్సు, అంతా తెలుగే. వాడి బొమ్మల కార్డుల కింద మేము తెలుగులోనే రాసుకున్నాం. పెరుగన్నం, చాలు, బయటికి, నొప్పి. నొప్పి కార్డు తెచ్చి ఇచ్చాడంటే మా అత్తమ్మ 'ఎక్కడ బిడ్డా?' అని అడుగుతుంది. వాడు చెవి మీద చెయ్యి పెడతాడు. ఒకసారి అలాగే చెవిలో చీము బయటపడింది. అంతకుముందు నొప్పి వస్తే తల గోడకేసి కొట్టుకునేవాడు, ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు. అడగడానికి ఆమెకు, అర్థం చేసుకోవడానికి వాడికి ఒకే భాష ఉండబట్టే అది సాధ్యమైంది.

డాలస్ అన్నయ్యా, మీ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. మీ ఊళ్లో మీకున్న పరిస్థితి వేరు. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. పాప నానమ్మ తాతయ్యలతో ఫోనులో ఏమి మాట్లాడుతుంది?

డాలస్ తెలుగు:
ఏమీ అనుకోనమ్మా. 'హాయ్' అంటుంది, 'బై' అంటుంది. మా అమ్మ ఏదో అడుగుతుంది, పాప నా వైపు చూస్తుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను. అది నాకు బాధే. అయినా నా నిర్ణయం మీదే నిలబడతాను. నేనూ మా ఆవిడా ఇంగ్లీషులో ఇబ్బంది లేకుండా మాట్లాడతాం కాబట్టి ఇంట్లో మాట ఆగలేదు. అత్తగారు పగలంతా మౌనంగా ఉండే ఇంటికి నా సలహా సరిపోదని మాత్రం ఒప్పుకుంటున్నాను. కానీ చైత్ర గారి బాబు రేపు ఇంగ్లీషు మీడియం బడికే వెళ్తాడు. అక్కడ టీచరు 'సిట్ డౌన్' అంటే అర్థం కావాలి కదా?

చైత్ర (హైదరాబాద్):
నా భయమూ అదే. జూన్‌లో నర్సరీలో చేర్చాలి. నిన్న రాత్రి అత్తయ్యకు ఇక్కడి సమాధానాలన్నీ చదివి వినిపించాను. 'నా మాటల వల్ల వాడికి చెరుపు జరుగుతోందేమోనని ఊరుకున్నానమ్మా' అన్నారు. ఈ ఉదయం ఇడ్లీ తినిపిస్తూ మాట్లాడారు. బడి సంగతి ఏమి చేయాలో చెప్పండి.

శబ్దం (స్పీచ్ థెరపిస్టు, విశాఖపట్నం):
డాలస్ గారి ప్రశ్న సరైనదే. బడిలో వినపడే మాటలు బాబుకు తెలియాలి. అందుకు ఇల్లంతా ఇంగ్లీషు కానక్కర్లేదు. ఆ వారం ఏయే మాటల మీద పని చేస్తున్నారో కేంద్రంలో రాసి ఇమ్మనండి. మీరు, మీవారు అవి ఇంగ్లీషులో వాడండి. అత్తగారు అవే మాటలు తెలుగులో వాడతారు. 'కావాలి', 'వద్దు', 'ఇంకా', వీటితో మొదలుపెట్టండి. నీళ్ల ఫిల్టరు దగ్గరికి లాక్కెళ్లినప్పుడు వెంటనే గ్లాసు నింపి ఇవ్వకండి. బాబు కళ్ల ఎత్తుకు వంగి 'నీళ్లు కావాలి' అని మీరే ఒకసారి అని, ఒక్క క్షణం ఆగండి. చూపు, శబ్దం, చెయ్యి చాపడం, ఏది వచ్చినా అడిగినట్టే లెక్క, ఇచ్చేయండి. ఏడిచే దాకా ఆపవద్దు.

ఇది నా సొంత చిట్కా కాదు. పెద్దవాళ్లు పిల్లవాడి చూపును అనుసరించి మాట్లాడే ఈ పద్ధతిని గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ స్థానిక ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులకు నేర్పారు. 2015లో ఫలితాలు వచ్చాయి. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అందులో మందు ఏదైనా ఉందంటే ఇంట్లోవారి మాటే.

పెద్ద తరగతుల్లో పరీక్షల భారం వేరే సంగతి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ఒక్క భాషే చదివే వెసులుబాటు సీబీఎస్ఈలో ఉంది. అప్పుడు అవసరమైతే వాడుకోండి. ఇంట్లో మాట్లాడుకునే భాషకూ దానికీ ముడిపెట్టవద్దు. రెండో అభిప్రాయం కావాలంటే మీకు దగ్గరలోనే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది.

తర్కబుద్ధి:
దీనికి ఒకటి చేర్చండి చైత్ర గారూ. బాబు తనంతట తాను ఎవరినైనా ఏదైనా అడిగిన ప్రతిసారీ, ఏ భాషలో అయినా, సైగతో అయినా, ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఒక గీత గీయండి. మూడు నెలల తర్వాత ఆ కాగితం తీసుకుని థెరపీ కేంద్రానికి వెళ్లండి. ఇంగ్లీషే కావాలని అప్పటికీ పట్టుబడితే, ఏ ఆధారంతో అంటున్నారో చూపించమని అడగండి.