వీధిలో గమనించింది ప్లానులోకి రావాలంటే విద్యార్థులకు ఏ అభ్యాసం ఇవ్వాలి?

బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) రెండో సంవత్సరం స్టూడియో, అంటే డిజైన్ తరగతి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేత కుటుంబాలకు వరుస ఇళ్లు, ఒక్కో స్థలం 20 × 45 అడుగులు, గడువు 8 వారాలు.

పరిశీలనలో లోటు లేదు. ఉదయం 6కి, 11కి, సాయంత్రం 5కి ఒకే వీధి మ్యాపు మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏం చేస్తున్నారో గుర్తిస్తున్నారు. అరుగు మీద కలిసి రాట్నం వడికే ఆడవాళ్లు, గుంట మగ్గం దగ్గర ఆగి మాట్లాడే పొరుగువాళ్లు, అన్నీ అందులో ఉంటాయి.

ప్లాను మొదలవగానే అవన్నీ మాయం. హాలు, రెండు పడగ్గదులు, ముందు పార్కింగు. మగ్గం వెనక చీకటి గదిలోకి పోతుంది. అరుగు మూడడుగుల సిటౌట్ అవుతుంది. రాట్నాలు పెట్టుకుని ఎదురెదురుగా కూర్చోవడానికి అది చాలదు.

గదుల పేర్లు నిషేధించి పనుల పేర్లే రాయమన్నాం. హాలు మీదే 'వడకడం' అని రాశారు. 1:20 నమూనాలో (అసలు కొలతలో ఇరవయ్యో వంతు) మనుషుల బొమ్మలు పెట్టించాం. అప్పటికే ప్లాను గట్టిపడింది కాబట్టి మారింది సామాన్ల అమరిక మాత్రమే. నేతవాళ్లను జ్యూరీకి, అంటే విద్యార్థుల డిజైన్లు చూసి అభిప్రాయం చెప్పే సమావేశానికి, పిలిస్తే మర్యాదకొద్దీ 'బాగుందమ్మా' అనేశారు.

అసలు చిక్కు 1:500 వీధి మ్యాపుకీ 1:100 ప్లానుకీ మధ్య ఉందని నా అంచనా. మనిషి కూర్చునే కొలత అక్కడెక్కడా గీతలోకి రావడం లేదు.

మూడో వారంలో, ప్లాను ముట్టుకోకముందు, ఈ ఖాళీని పూడ్చిన అభ్యాసం మీ స్టూడియోలో ఏది? ఏ స్కేలులో, ఎన్ని గంటలు చేయించారు?