పాత పెట్రోల్ కారును ఇ85కి మార్చడం సాధ్యమేనా?

ప్రశ్న: నా 2012 నాటి పెట్రోల్ కారును ఇ85 ఇంధనంతో (85 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోలుతో) నడిచేలా మార్పించాలనుకుంటున్నాను. ఇంజిన్‌లోకి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లను పెద్దవి వేయిస్తే సరిపోతుందా?

మొదటి జవాబు: సరిపోదండి. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువగా అందాలి కాబట్టి, ఇంజెక్టర్లతో పాటు ఇంధన పంపు సామర్థ్యాన్ని పరీక్షించి, ఈసీయూను (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌ను) కూడా తిరిగి ట్యూన్ చేయించాలి.

రెండో జవాబు: అంతకంటే ముందు గొట్టాలు, సీళ్లు చూపించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును దెబ్బతీస్తుంది. చలిలో స్టార్ట్ కావడమూ కష్టమే.

మూడో జవాబు: ఇథనాల్‌కు ఆక్టేన్ (ఇంజిన్‌లో వేళకు ముందే మండిపోకుండా తట్టుకునే గుణం) ఎక్కువన్నది నిజమే గాని, లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, కనుక మైలేజీ తగ్గుతుంది. మన బంకుల్లో మామూలుగా దొరికేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అయినప్పుడు ఇంత ఖర్చు దండగని నా అభిప్రాయం. అయినా చేయించదలిస్తే, ఆర్‌సీలో మార్పు గురించి ముందే ఆర్టీవో కార్యాలయంలో అడగండి.