చిమ్నీ తుడిచేవాళ్లకు లైసెన్స్ తప్పనిసరి చేయాలా?

మసిఇటుక: బ్రిటన్‌లో ఈ పనికి చట్టప్రకారం లైసెన్సే అక్కర్లేదు, బ్రష్ కొన్నవాడల్లా పనివాడే. మా ఫైర్‌ప్లేస్ చిమ్నీ తుడిపించిన ఐదు వారాలకే లోపల మంటలు లేచాయి. అడిగితే "తుడవమన్నారు తుడిచాను, చెక్ చేయమన్లేదుగా" అన్నాడు. లైసెన్స్ పెట్టాలి, నష్టం వాడితోనే కట్టించాలి.

బ్రష్షుకర్ర: పంతొమ్మిదేళ్లుగా ఇదే నా పని. ముందు ఇది చెప్పండి, ఏ కట్టెలు కాల్చారు? పచ్చి కట్టె పొగకి క్రియోసోట్ అనే తారులాంటి మసి పేరుకుంటుంది, అది అద్దంలా గట్టిపడితే మామూలు బ్రష్‌కి ఊడి రాదు. అదే అంటుకునేది. లైసెన్స్ ఉన్నవాడి బ్రష్‌కైనా అంతే.

కొత్తసభ్యుడు: వంటింటి చిమ్నీ గురించా?

ఇనపతలుపు: కాదు బాబూ, కట్టెల పొయ్యిది. జర్మనీలో తుడవడం వేరు, తనిఖీ వేరు. 2013 నుంచి తుడిచే మనిషిని ఇంటివాళ్లే ఎంచుకోవచ్చు, కానీ పొయ్యి, చిమ్నీ తనిఖీ మాత్రం ఆ ప్రాంతానికి నియమించిన అధికారిక చిమ్నీ పనివాడే చేయాలి.

మసిఇటుక: కట్టెలు ఎండినవే! బ్రష్‌కి రాని పొర ఉంటే ఆ ముక్క నాకు చెప్పాలా వద్దా? డబ్బు తీసుకుని వెళ్లిపోవడమేనా పనితనం?

బ్రష్షుకర్ర: ఎండినవని చూసి చెప్తున్నారా, మీటర్ పెట్టి చెప్తున్నారా? తేమ 20 శాతం లోపు ఉండాలి.

మసిఇటుక: మళ్లీ కట్టెలే! ఇల్లు తగలబడబోయింది మాది, దోషి కూడా మేమేనా? ఇన్సూరెన్స్ వాళ్లు తుడిపించిన రుజువు అడిగితే నా దగ్గరున్నది అరచేయంత రసీదు. పేరు సరిగా లేదు, ఏం చేశాడో లేదు. క్లెయిమ్ పోయింది.

బ్రష్షుకర్ర: అదండీ సంగతి! మీకు కావాల్సింది లైసెన్స్ కాదు, ఒక సంతకం. నేను సంతకం పెడితే గోడలోపల ఎప్పుడో పగిలిన లైనర్‌కి, అంటే చిమ్నీ లోపలి గొట్టానికి కూడా నేనే బాధ్యుణ్నా? కెమెరా దించుతానంటే అదనపు ఖర్చెందుకంటారు, రేపు నిప్పంటుకుంటే నా పీక పట్టుకుంటారు.

మసిఇటుక: నన్నెవరూ కెమెరా గురించి అడగలేదు.

ఇనపతలుపు: అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే అగ్ని భద్రతా ప్రమాణం ప్రకారం ఏటా తనిఖీ చేయించాలి. అందులో మూడు స్థాయిలున్నాయి. మామూలుగా ఏటా చేసేది మొదటిది, కెమెరా రెండో స్థాయిలో వస్తుంది.

బ్రష్షుకర్ర: అడగలేదా? అయితే తప్పు ఆయనదే. నేనైతే కాగితం మీద రాసి, వద్దన్నారని మీ సంతకం తీసుకునేవాణ్ని.

మసిఇటుక: పొద్దుట్నుంచి నేనంటున్నదీ అదే కదా!

బ్రష్షుకర్ర: కాదండీ. మీరన్నది లైసెన్స్.