‘హిట్ పాయింట్లు’ అంటే నూకలా, ఓపికా?

సభ్యులందరికీ నమస్కారం. పాచికలు, కాగితాలు ముందు పెట్టుకుని, ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని ఆడే ఆటలను మా ఇంట్లో పిల్లలకు తెలుగులోనే ఆడిస్తున్నాను. పోరులో ఒక పాత్ర ఎన్ని దెబ్బలకు తట్టుకుంటుందో లెక్కగట్టే ‘హిట్ పాయింట్లు’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మొదట ‘ప్రాణాలు’ అన్నాను. పాచిక పడగానే ‘వీరుడికి ఎనిమిది ప్రాణాలు పోయాయి’ అంటే, మా అక్క కూతురు ‘ఎనిమిది మంది చచ్చిపోయారా మామయ్యా?’ అని అడిగింది. ఆ పిల్ల అడిగినదే సరైనది. ‘ప్రాణాలు పోయాయి’ అన్నప్పుడు ఆ బహువచనం ఒక మనిషికి చెల్లుతుంది గాని, ముందు సంఖ్య చేరిందంటే తెలుగులో అది మనుషుల లెక్కే అవుతుంది.

తరువాత ‘నూకలు’ తోచింది. ‘వాడికి భూమ్మీద ఇంకా నూకలున్నాయి’, ‘నూకలు చెల్లాయి’ అంటాం కదా. ఆయుష్షును గింజల్లా లెక్కపెట్టే ఊహ మన నుడికారంలో ముందే ఉంది. పైగా ఈ మాట శరీర బలాన్ని గురించి ఏమీ చెప్పదు, మనిషి బతికి బయటపడటాన్ని మాత్రమే చెబుతుంది. ఇలాంటి ఆటే అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ కూడా 1979 నాటి నిబంధనల గ్రంథంలో ఈ పాయింట్లన్నీ ఒంటి దారుఢ్యం కావని, వాటిలో యుద్ధ నైపుణ్యం, అదృష్టం, దైవబలం వంటివి కలిసి ఉంటాయని వివరించారు. ఆ నిబంధనల్లో పాత్ర అనుభవం గడించేకొద్దీ ఒక్కో స్థాయి పైకెక్కుతుంది; యోధుడికి స్థాయికొక పది ముఖాల పాచిక చొప్పున పాయింట్లు వస్తాయి. కత్తి దెబ్బకు ఎనిమిది ముఖాల పాచిక వేస్తారు. సగటున చూస్తే మొదటి స్థాయివాడు రెండు దెబ్బలకు పడిపోతాడు, ఎనిమిదో స్థాయివాడు తొమ్మిది పది దెబ్బల దాకా నిలుస్తాడు. అన్ని కత్తిపోట్లు నిజంగా ఒంట్లో దిగితే ఏ మనిషీ నిలవడు. నూకలున్నాయి కాబట్టి తప్పించుకుంటున్నాడనుకుంటేనే ఆ లెక్క పొసగుతుంది. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

ఒక సభ్యురాలి సమాధానం:

మాట చక్కగా ఉందండీ, కాని ఒక చిక్కుంది. నూకలు చెల్లుతాయే గాని తిరిగి రావు. ఆటలో పాత్ర ఒక రాత్రి నిద్రపోయి లేచినా, మంత్రవైద్యం పొందినా పాయింట్లు తిరిగి వస్తాయి కదా. ‘వైద్యుడు అయిదు నూకలు ఇచ్చాడు’ అంటే వంటింటి మాటలా వినిపిస్తుంది. ‘జ్వరం తగ్గింది గాని ఇంకా ఓపిక రాలేదు’ అని ఇంట్లో రోజూ అనే ‘ఓపిక’ను పరిశీలించండి. అది తగ్గుతుంది, వస్తుంది, కూడదీసుకోవచ్చు కూడా.

మొదటి సభ్యుని ప్రతిస్పందన:

మీ మాటతో నాకు అసలు ప్రశ్న దొరికింది. సున్నాకు చేరినప్పుడు ఏమవుతుందన్నదే మాటను నిర్ణయించాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974 నాటి తొలి నిబంధనల్లో సున్నా అంటే చావే కాబట్టి అక్కడ ‘నూకలు చెల్లాయి’ అనడమే న్యాయం. 2014లో వచ్చిన అదే ఆట అయిదో కూర్పులో సున్నా దగ్గర పాత్ర సాధారణంగా స్పృహ తప్పి పడిపోతుంది. ఆపైన తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వేస్తే, పది గాని అంతకు మించి గాని మూడుసార్లు పడితే నిలదొక్కుకుంటుంది, అంతకు తక్కువ మూడుసార్లు పడితే మరణిస్తుంది. ఇక్కడ మీ ‘ఓపిక’ అతికినట్టు సరిపోతుంది: ఓపిక అయిపోయింది, ఇక గండం గడవాలి. ఆ పాచికను నేను ‘గండం పాచిక’ అనే పిలుస్తాను.

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్ అనే మరో ఆటకు మాత్రం ఈ రెండూ చాలవు. అందులో మనిషి శరీరాన్ని తల, ఛాతీ, పొత్తికడుపు, రెండు చేతులు, రెండు కాళ్లుగా విడదీసి దేని లెక్క దానికి పెట్టారు. అనుభవం పెరిగినంత మాత్రాన ఆ లెక్క పెరగదు. కర్త స్టీవ్ పెరిన్ కవచం తొడిగి బెత్తపు కత్తులతో పోరాడే బృందంలో మొదటి నుంచీ ఉన్నవారు. ఎంత ఆరితేరినవాడైనా ఒక్క వేటుకు కాలు పోయి కూలబడే ఆ ఆటలో మనకు కావలసిన మాట ‘ఆయువుపట్టు’. దుర్యోధనుడు తొడలు విరిగి పడి కూడా వెంటనే చావలేదు. అశ్వత్థామ వచ్చి ఆ రాత్రి జరిగిన సంహారం చెప్పేదాకా ప్రాణం నిలిచే ఉంది. ‘నూకలు ఎన్ని పోయాయి’ అని అడిగితే ఆ ఘట్టం లెక్కకు అందదు, ‘దెబ్బ ఎక్కడ తగిలింది’ అని అడగాలి. వచ్చే ఆదివారం పిల్లలతో ఆ ప్రశ్నతోనే ఆడిస్తాను.