మా మేనత్త వీలునామా మార్పించారు, కోర్టులో సవాలు చేయొచ్చా?

నమస్కారమండీ. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పిల్లల్లేని మా మేనత్త 2017లో తన రెండెకరాల మాగాణి మా నాన్నకీ బాబాయికీ చెరిసగం రాసింది. పక్షవాతం వచ్చాక బాబాయి ఆమెను తనింటికి తీసుకెళ్లాడు. ఎప్పుడు వెళ్లినా నిద్రపోతోందనేవాడు, ఫోన్ ఇచ్చేవాడు కాదు. పెద్దకర్మ రోజున కొత్త వీలునామా బయటపెట్టాడు, మొత్తం తన పేరే! చక్కగా సంతకం చేసే అత్తది వేలిముద్ర. సాక్షులిద్దరూ ఆయన బావమరుదులే. అత్త ఇష్టపడి ఇలా రాసిందంటే నేను నమ్మలేను.

బలవంతంగా రాయించిన వీలునామా చెల్లదని 1925 భారత వారసత్వ చట్టం 61వ సెక్షన్‌లో చదివాను. రిజిస్టరైనా అది వర్తిస్తుందా? ఆసుపత్రి రికార్డులు కోర్టు ద్వారా తెప్పించవచ్చా? ఈలోగా పొలం అమ్మేయకుండా ఇంజంక్షన్ దొరుకుతుందా? ఇలాంటి కేసు నడిపినవాళ్లుంటే దయచేసి చెప్పండి.