తమ్ముడు కాలేజీ సైట్‌లో వేరేవాళ్ళ రసీదులు తెరిచాడు, కేసు అవుతుందా?

అనంతపురం అక్క, మారతహళ్ళి:
నమస్కారం అండి. మా తమ్ముడు ఇక్కడే బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, పీజీలో ఉంటాడు. మొన్న ఆదివారం ఫీజు రసీదు దించుకుంటూ, లింక్ చివర ఉన్న నంబర్‌ను ఒకటి పెంచి చూశాడట. ఎవరో అమ్మాయి రసీదు వచ్చింది. పేరు, వాళ్ళ నాన్న ఫోన్ నంబర్, ఇంటి అడ్రస్, అన్నీ ఉన్నాయి. అక్కడితో ఆగాడా అంటే లేదు, "రుజువు ఉండాలి కదక్కా" అని 40 రసీదులు దించాడు. ఇప్పుడు కాలేజీకి మెయిల్ పెడతానంటున్నాడు. వాళ్ళు పోలీసులకు ఇస్తే? నాన్నకు ఇంకా చెప్పలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కడప కోడర్:
పాస్‌వర్డ్ ఏమీ కొట్టేయలేదు కదా. ఇది హ్యాకింగే కాదు, వదిలేయండి.

టెస్టర్ అన్న, కోరమంగల:
అలా వదిలేయకమ్మా. నేను 11 ఏళ్ళుగా సెక్యూరిటీ టెస్టింగ్‌లోనే ఉన్నాను. ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 చూసేది పాస్‌వర్డ్‌ను కాదు, అనుమతిని. ఓనర్ ఒప్పుకోకుండా లోపలికి వెళ్ళడం, డేటా కాపీ చేయడం రెండూ అందులో ఉన్నాయి. దానికి నష్టపరిహారం కట్టమనవచ్చు. అదే పని దురుద్దేశంతోనో మోసంతోనో చేస్తే సెక్షన్ 66 కింద నేరం. 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బెయిల్ వచ్చే సెక్షనే, కానీ కేసంటూ అయితే ల్యాప్‌టాప్, ఫోన్ పోలీసుల దగ్గరికి పోతాయి. చదువుకునే పిల్లవాడికి అదే పెద్ద దెబ్బ.

మీ తమ్ముడి ఉద్దేశం మంచిదే. మొదటి రసీదు దగ్గర ఆగి ఉంటే చెప్పుకోవడం సులువయ్యేది. 40 ఎందుకు అనే అడుగుతారు.

నాకు జరిగింది చెప్తాను. కొత్తలో ఒక కంపెనీకి వాళ్ళ సైట్‌లో లోపం ఉందని రాస్తూ, చివర్లో "ఏమైనా రివార్డ్ ఇస్తారా" అని ఒక్క ముక్క చేర్చాను. బెదిరించి డబ్బు అడిగానని లాయర్ నోటీసు వచ్చింది. దాన్ని సర్దుకునేసరికి నాలుగు నెలలు పట్టింది. అందుకే మెయిల్‌లో డబ్బు మాట, గడువు మాట రాయనివ్వకండి. ఇంకో రసీదు తెరవకూడదు, ఫ్రెండ్స్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టకూడదు. దించినవి ఇప్పుడు కంగారుగా డిలీట్ చేయించకండి, ముందు సైబర్ కేసులు చూసే లాయర్‌ను అడగండి. ఇలాంటి లోపాలను సెర్ట్-ఇన్ తీసుకుంటుంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. లాయర్ సరే అంటే అక్కడికే రాయించండి.

అనంతపురం అక్క, మారతహళ్ళి:
చాలా థ్యాంక్స్ అన్నా. వాడు రాసుకున్న మెయిల్ తెప్పించి చూశాను. "వారంలో సరిచేయకపోతే అందరికీ చెప్తాను" అని ఉంది. ఆ లైన్ నా ముందే తీసేశాడు. శనివారం వాణ్ణి వెంటబెట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్తున్నాను. ఈ రాత్రికే నాన్నకు ఫోన్ చేస్తాను.